దుప్పటి వెనక చితల్

"ఆదివారం రండి దాదా, భోజనానికి."

పోయిన వారం ఫణీంద్ర ఈ మాట అనడంతో ఆగాం. అన్నది ఎవరితో, ఎందుకన్నాడు, అది తెలియకపోతే ఈ వారం గొడవ తలా తోకా అర్థం కాదు. ముందు అది తేల్చుకుందాం.

ఫణీంద్ర ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బోగీలు బాగుచేసే ఫిట్టరు. ముత్తాత శ్రీకాకుళం నుంచి వచ్చి ఆ షాపులోనే సుత్తి పట్టాడు. ఇప్పుడు ఫణీంద్రని వేరే డివిజన్‌కి బదిలీ చేస్తారని షాపంతా అనుకుంటున్నారు. 'ఇతను నాకిక్కడే కావాలి' అని పైవాళ్ళకి ఒక్క మాట చెప్పి దాన్ని ఆపగలిగినవాడు ఇంజనీరు మైతి. అందుకని మైతిని మలంచాలోని తన ఇంటికి టీకి పిలిచాడు. మైతి వచ్చాడు. కుర్చీలో కూర్చోబోయి, ముందుగది గోడ పొడవునా ఉన్న గాజుతొట్టెను చూసి అలాగే నిలబడిపోయాడు. అందులో ఒకటే చేప ఉంది, చేయంత పొడవు చితల్. కత్తి అలుగులా పలచని ఒళ్ళు, గూని వీపు, వెండి రంగు, తోక దగ్గర చిన్నచిన్న చుక్కలు.

బతికున్న చేపను కొనుక్కొచ్చి, ఇంట్లో నీళ్ళలో ఉంచి, చుట్టం వచ్చిన రోజు పట్టి వండడం బెంగాలీ ఇళ్ళలో గొప్ప మర్యాద. తొట్టెలో రంగుచేపలుంటే మైతి కూడా ముచ్చటపడి ఊరుకునేవాడు. చితల్‌ని కూడా చూసుకోడానికి పెంచేవాళ్ళుంటారని ఆయనకెందుకు తోస్తుంది? "ఎప్పుడు ఫణీ?" అని అడిగాడు. ఫణీంద్రకి బెంగాలీ చిన్నప్పుడే వీధిలో ఆటలతో వచ్చింది. ఆయన దేని గురించి అడుగుతున్నాడో వెంటనే అర్థమైంది. అర్థమయ్యే అన్నాడు ఆ మాట. మా ఆవిడే వచ్చి ముయిఠా చేస్తుందిలే అన్నాడు మైతి. చితల్ వీపు కండను చెంచాతో గీకి, ముళ్ళు వదిలించి, ఉండలు చేసి వండేదాన్ని ముయిఠా అంటారు. దానికోసం ప్రాణమిచ్చే మనుషులున్నారు ఈ ఊళ్ళో.

ఆ చేప పేరు లోకల్. అది ఫణీంద్రది కాదు, అతని భార్య కళ్యాణిది. ఆమెను ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఇక ఆదివారం.

కళ్యాణి పొద్దున్నే ప్రేమ్ బజార్ దాకా పోయి, అక్కడ ఒక ప్రొఫెసర్ గారింట్లో అక్వేరియం కడిగి, పదింటికల్లా తిరిగొచ్చింది. అదే ఆమె పని. ఎవరూ నేర్పలేదు. గోల్‌బజార్‌లో చేపలమ్మే ఆవిడ బేసిన్‌లో వేలెడంత చితల్ పిల్ల కొట్టుకుంటుంటే తెచ్చుకుంది. దాన్ని బతికించడానికి నీళ్ళ సంగతి నేర్చుకుంది, ఫిల్టరు సంగతి నేర్చుకుంది, చేప జబ్బుల సంగతి నేర్చుకుంది. వేలెడంత చేప చేయంత అయింది. వీధిలోవాళ్ళు చూసి తమ తొట్టెలు కూడా చూసిపెట్టమన్నారు. ఇప్పుడు అదే ఆమెకు జీవనం. ఊళ్ళో ఏ ఇంట్లో చేప నీరసపడ్డా 'చితల్ పెంచే దీదీని పిలవండి' అంటారు.

అలాంటి మనిషి గేటు తీసుకుని పెరట్లోకొచ్చి ఏం చూసింది? అత్తగారు సింహాచలమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఉంది. చేతులకి బూడిద. పళ్ళెంలో చితల్ తలకాయ.

కళ్యాణి పళ్ళెం వైపు వేలు చూపించింది.

"అత్తా, ఇదేటి?"

"సేప. కనపడ్డం నేదేటి?"

భుజం మీద సంచీ అక్కడే పడేసి లోపలికి పరిగెత్తింది. ముందుగదిలో కిటికీలు మూసి ఉన్నాయి. తొట్టె కనిపించలేదు. తొట్టె ఉండాల్సిన చోట గోడకి గోడంత పొడవునా పెళ్ళినాటి పువ్వుల దుప్పటి వేలాడుతోంది. దాని వెనక నుంచి గుటుక్కుమని చప్పుడైంది. లోకల్ పైకొచ్చి గాలి మింగే చప్పుడది. ఆ జాతి చేపకు నీళ్ళలో ఊపిరి చాలదు, అప్పుడప్పుడు తల పైకెత్తి ఇలా గాలి గుటకేసుకుపోతుంది. ప్రపంచంలో ఇంత కమ్మని చప్పుడు ఇంకోటి ఉండదనిపించింది కళ్యాణికి. దుప్పటి అంచు ఎత్తి, తొట్టె పైమూత జరిపి, చెయ్యి నీళ్ళలో పెట్టింది. లోకల్ వచ్చి వేళ్ళ మధ్య మూతి దూర్చింది. బతికే ఉంది.

మరి పెరట్లో తలకాయ ఎవరిది?

అది ఫణీంద్ర గోల్‌బజార్ నుంచి తెచ్చిన చేప. ఆలోచన సింహాచలమ్మది. బజారు చితల్‌ని వండి పెడదాం, లోకల్‌ని కోసేశామని చెబుదాం, తొట్టెమీద దుప్పటి కప్పేద్దాం. అతిథి తృప్తిగా తిని పోతాడు, చేప బతుకుతుంది, కొడుకు ఊళ్ళో ఉంటాడు. ఇంత తెలివికి కోడలు కాళ్ళకి దణ్ణం పెడుతుందని ఆవిడ ఎదురుచూసింది. కోడలు పెరట్లోకి తిరిగొచ్చి అగ్గిలా నిలబడింది.

"నానడ్డం పడకపోతే ఈ తల నీ లోకల్‌ది అయ్యుండీది," అంది సింహాచలమ్మ. "ఆడు రాత్తిరి నుంచి బుర్ర పట్టుకుని కూకున్నాడు. పిలిసిన సుట్టానికి నేదని ఎలగ సెప్తాం? నువ్వే సెప్పు."

"పిలిసిందెవులు? నన్నడిగే పిలిసినారా?"

ఫణీంద్ర నూతి గట్టు దగ్గర నిలబడి కొత్తిమీర కడుగుతున్నాడు. కొత్తిమీరకి అంత కడుగుడు అక్కర్లేదు. తల ఎత్తకుండానే, ఒక్క పూట ఓపిక పట్టు కళ్యాణీ, ఒక్క పూటతో అయిపోద్ది అన్నాడు.

"ఒక్క పూటేటి బావా? రేపు మైతి దాదా మళ్ళీ వత్తే మళ్ళీ దుప్పటి. షాపోళ్ళు ఎవులొచ్చినా దుప్పటి. దాన్ని కోసీసినామని సెప్పిన తరవాత అది ఈ ఇంట్లో దొంగనాగ బతకాల. నా సేపని నానెందుకు దాసాల? పెంచుకున్నాం, తినం అని సెప్పడానికి నీకు నోరెందుకు రానేదు?"

నోరు ఎందుకు రాలేదో అతనికి తెలుసు. షాపులో పెద్దవాళ్ళ ముందు నోరు తనంతట తనే 'హా దాదా' అనేస్తుంది. మైతి తిట్టే మనిషి కాదు, బెదిరించే మనిషీ కాదు. ఎవరూ వంగమనలేదు. వంగడం అలవాటైపోయిన వీపుకి ఎవరైనా అనాలా ఏంటి? వర్క్‌షాపుల్లో సగం పీడ ఇదే. పైవాడు అడగకముందే కిందవాడు ఇంట్లోది తెచ్చి చేతిలో పెడతాడు, ఆ ఇంట్లోది పెళ్ళానిదైతే మరీ తొందరగా పెడతాడు.

కానీ ఫణీంద్ర దగ్గర కూడా ఒక మాట ఉంది. అది చెప్పడానికి తల ఎత్తాడు.

"బదిలీ అయితే ఆ తొట్టె బండెక్కుద్దేటి? కొత్త డిపోలో మనకి ఒక్క గది ఇత్తారు. నీ లోకల్‌ని ఎక్కడెడతావు? నీ పని ఎక్కడ సేత్తావు? నాను ఈ అబద్ధం నా కోసమే ఆడతన్నాననుకుంటన్నావేటి?"

కళ్యాణి రెండు దారులూ లెక్క వేసుకుంది. నిజం చెబితే మైతికి కోపమొస్తుంది, మైతికి కోపమొస్తే బదిలీ, బదిలీ అయితే తొట్టె ఖాళీ. అబద్ధం చెబితే చేప దుప్పటి వెనక బతుకుతుంది. ఎటు పోయినా లోకల్‌కి తలుపు మూసే ఉంది. వండుకోండి మీ ఇష్టమని లోపలికి పోయి, తొట్టె పక్కన నేలమీద కూర్చుంది.

మధ్యాహ్నం మైతి దంపతులు టోటో దిగారు. బ్యాటరీ రిక్షాని ఆ ఊళ్ళో టోటో అంటారు. మైతి కొత్త పైజమా కుర్తాలో, పండక్కొచ్చినవాడిలా వెలిగిపోతున్నాడు. ఆయన భార్య ఒక సంచీ తెచ్చింది. అందులో తన సొంత చెంచా, తన సొంత మసాలా. కళ్యాణి ఆమెను బౌదీ, అంటే వదిన, అని పలకరించి కుర్చీ వేసింది. బౌదీ కూర్చోలేదు. వంటింట్లోకి నడిచింది. చేప ఏది అని అడిగింది.

చేప అప్పటికే చింతపండు పులుసులో ఉడుకుతోంది.

బౌదీ మూత తీసి చూసింది. చావు వార్త విన్నట్టు మొహం పెట్టింది. చితల్‌ని నిలువుగా చీల్చి కండ గీకాలి గానీ అడ్డంగా ముక్కలు కొట్టేశారా, ఈ ముళ్ళు ఎవరి గొంతులో దిగాలి అని బెంగాలీలో నిలదీసింది. సింహాచలమ్మ వెనక్కి తగ్గే మనిషి కాదు. మా శ్రీకాకుళంలో ఏ చేపకైనా పులుసే మర్యాద, ముళ్ళు ఏరుకుని తినడానికే దేవుడు వేళ్ళిచ్చాడు అని తెలుగులో తిప్పికొట్టింది. ఒకరి భాష ఒకరికి సగమే తెలుసు, కోపం మాత్రం పూర్తిగా అర్థమైంది. ఇద్దరూ గిన్నెమీద వంగి ఒకే చెంచాకి చెరోవైపు పట్టుకున్నారు.

అప్పుడు బౌదీ కంట్లో పడింది పళ్ళెంలోని తలకాయ.

దాన్ని చేతిలోకి తీసుకుంది. మొప్ప ఎత్తి చూసింది. కన్ను నొక్కి చూసింది. ఆ చూపు చూసి ఫణీంద్ర గుమ్మంలోనే గడ్డకట్టాడు. చేప విషయంలో బెంగాలీ ఆడదాని ముందు అబద్ధం నిలబడుతుందని ఈ తెలుగు ఇంట్లో ముగ్గురూ ఎలా నమ్మారో వాళ్ళకే తెలియాలి.

ఇది ఈ రోజు కోసిన చేప కాదు అంది బౌదీ, భర్తకు వినపడేలా. మొప్ప గోధుమరంగు తిరిగింది, కన్ను లోపలికి పోయింది, ఇది ఐసులో పడుకున్న చేప, మీరు చెప్పిన బతికున్న చితల్ ఇది కాదు అంది.

మైతి ఫణీంద్ర వైపు చూశాడు. ఆ చూపులో ఇంకా కోపం లేదు, ప్రశ్న ఉంది అంతే. ఫణీంద్ర అబద్ధాన్ని ఇంకో అబద్ధంతో కప్పాడు. ఆ చేప రెండు రోజుల కిందటే ఒంట్లో బాగోక చచ్చిపోయింది దాదా, పారేయడం ఎందుకని ఫ్రిజ్‌లో పెట్టాం అన్నాడు. చచ్చిన చేపను అతిథికి పెడుతున్నామని తన నోటితో తనే ఒప్పుకున్నాడని అన్నాక గానీ తెలీలేదు. సింహాచలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ముందుగదిలోంచి గుటుక్కుమంది.

అందరూ విన్నారు. మైతి మెల్లగా ముందుగదిలోకి నడిచాడు. పువ్వుల దుప్పటి ముందు ఆగాడు. దుప్పటి వెనక మళ్ళీ గుటుక్కుమంది.

"అది మోటారు దాదా," అన్నాడు ఫణీంద్ర.

ఈ మాటతో కళ్యాణికి ఓపిక తెగిపోయింది. పొద్దుట్నుంచి పళ్ళు బిగబట్టిన మనిషి. చచ్చిందంటే ఊరుకుంది, మోటారంటే ఊరుకోలేకపోయింది. లేచి దుప్పటిని రెండు చేతులా పట్టి ఒక్క లాగు లాగింది. దుప్పటికి తగులుకుని తొట్టె పైమూత, దాని దీపం, అన్నీ కలిసి దడాలున కింద పడ్డాయి. చీకట్లో ఉన్న లోకల్ మీద గుమ్మంలోంచి వెలుగు ఒక్కసారిగా విరుచుకుపడింది. అది బెదిరిపోయి తొట్టె ఈ కొస నుంచి ఆ కొసకి బాణంలా పోయి అద్దానికి గుద్దుకుంది. గోడ అదిరింది.

కళ్యాణి మైతికి ఎదురుగా నిలబడి బెంగాలీలోనే మాట్లాడింది.

"దాదా, దీని పేరు లోకల్. ఇది వంటకి తెచ్చిన చేప కాదు, నేను పెంచుకున్న చేప. మీరు పొరబడ్డారు, అందులో మీ తప్పు లేదు. మావాళ్ళు మీకు చెప్పలేకపోయారు, అది మా పిరికితనం. మీకు అన్నం పెడతాను, పులుసు పెడతాను. దీన్ని పెట్టను. బదిలీ చెయ్యాలనిపిస్తే చెయ్యండి."

ఫణీంద్ర గోడకి జారగిలబడ్డాడు. గదిలో కిందపడ్డ దీపం మాత్రం టకటకా కొట్టుకుంటోంది.

మైతి మొహంలో పండగ ఆరిపోయింది. ఫణీంద్ర వైపు తిరిగాడు. "నన్నేమనుకున్నావు ఫణీ?" అన్నాడు. "చేప పెడితే మనిషిని ఉంచేవాడిననా? పెట్టకపోతే పంపేవాడిననా?"

బదిలీ ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు. తిరిగి వెళ్ళిపోతాడనుకున్నారు. వెళ్ళలేదు. తొట్టె దగ్గరకు పోయి, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని వంగి చూశాడు.

లోకల్ కుదుటపడింది. పొట్ట కింద రిబ్బనులాంటి పొడుగాటి రెక్క అలలు అలలుగా ఆడిస్తూ ముందుకు వస్తోంది. మైతి దాని వెంటే తొట్టె పక్కన నడిచాడు. అద్దం కొస దాకా పోయి చేప ఆగింది. మైతీ ఆగాడు. అది వెనక్కి తిరగలేదు. రెక్క అల ఎదురు తిప్పి, తోక ముందుగా, వచ్చిన దారినే వెనక్కి పోయింది. మైతి కూడా వెనక్కి నడిచాడు. మళ్ళీ అంతే. మళ్ళీ అంతే.

ఇది తిరగదా అని అడిగాడు.

కళ్యాణికి కాస్త ధైర్యమొచ్చింది. అక్కర్లేదు దాదా, ఈ జాతి గొప్పే అది, ముందుకెంత బాగా పోతుందో వెనక్కీ అంత బాగా పోతుంది, హౌరా పోయే లోకల్ రైలుకి ఇంజిను తిప్పక్కర్లేదు చూడండి, అందుకే మా అత్త ఆ పేరు పెట్టింది అని చెప్పింది. ఎవరొచ్చినా చెప్పే మాటే. అందరూ నవ్వుతారు. మైతి నవ్వలేదు.

"తిరగక్కర్లేదు, సరే," అన్నాడు. "తిరగగలదా?"

కళ్యాణి ఆ ప్రశ్న తనకు తనే వేసుకుంది.

తిరగగలదా? చిన్నప్పుడు తిరిగేది. గిరగిరా తిరిగేది, తన తోకను తనే తరిమేది. ఆఖరిసారి ఎప్పుడు తిరిగింది? వానల్లోనా? పోయినేడు చలికాలంలోనా? గుర్తు రావడం లేదు. ఊళ్ళో ప్రతి ఇంటికీ పోయి, మీ తొట్టె ఇరుకైంది, మీ చేప కుంగిపోతోంది అని నిష్ఠూరంగా చెప్పే మనిషి. తన ఇంట్లో చేపను రోజూ చేత్తో ముట్టుకుంటూ కూడా ఇది చూడలేదు. ఇప్పుడు చూస్తోంది. ఇటు మూతి ఒక అద్దానికి దగ్గర, అటు తోక ఇంకో అద్దానికి దగ్గర. ఏటవాలుగా ఇరుక్కుని, వీపు దగ్గర చిన్న వంకర. వంగి వంగి వంకర అయిన ఒళ్ళు.

తొట్టె కట్టింది ఫణీంద్ర. అద్దాలు తెచ్చి, ఇనపచట్రం వెల్డింగు చేసి, తన చేత్తో కట్టాడు. పొడవు బ్రహ్మాండం, వెడల్పు కొంచెం. రోజంతా బోగీలు చేసే చెయ్యి అది, తొట్టె కట్టమంటే బోగీ కట్టింది. బోగీలో మనుషులు నడవాలంటే ముందుకీ వెనక్కే కదా. అదే కొలత చేపకీ పెట్టాడు. ఇంటిల్లిపాదీ అది ముందుకీ వెనక్కీ పోవడం చూసి మురిసిపోయారు. చేపను వంటింటి నుంచి కాపాడితే చాలనుకున్నారు. ముందుగదిలో ఏం జరుగుతోందో చూడలేదు.

"ఇది ఏటిలో ఉండే చేప," అంది బౌదీ, మెల్లగా. మొదటిసారి ఆమె గొంతులో వంట లేదు.

కళ్యాణి ఏదో అనబోయింది. ఈలోగా సింహాచలమ్మ కింద చూసుకుంది.

"ఒరే ఫణీ, కాళ్ళకింద తడేట్రా?"

లోకల్ గుద్దుకున్న మూల అది. రెండు అద్దాలు కలిసే చోట అతుకు నిలువునా ఊడి, నీళ్ళు గీతలా కారుతున్నాయి. ఫణీంద్ర ఉరికి అరచేత్తో నొక్కాడు. గీత రెండైంది. నొక్కకు నొక్కకు అని మైతి అంటూనే ఉన్నాడు. అతుకు పైనుంచి కింద దాకా విచ్చుకుంది. అద్దం పగల్లేదు, తలుపు తెరుచుకున్నట్టు తెరుచుకుంది. నీళ్ళన్నీ ఒక్కసారి గదిలోకి దూకాయి. కుర్చీలు తేలాయి. బౌదీ చెప్పులు గుమ్మం దాటిపోయాయి. వెండి కత్తిలా లోకల్ నేలమీద పడి ఎగిరెగిరి కొట్టుకుంది.

దాన్ని ముందుగా అందుకున్నది కళ్యాణి కాదు, మైతి. కొత్త కుర్తాతో నీళ్ళలో బోర్లా పడి, తడిసిన పువ్వుల దుప్పటి చేపమీద వేసి, రెండు చేతులా గుండెకి అదుముకుని లేచాడు. టబ్బు, టబ్బు అన్నాడు. సింహాచలమ్మ బట్టలుతికే పెద్ద టబ్బు ఈడ్చుకొచ్చింది. నూతినీళ్ళు గుమ్మరించారు. లోకల్ అందులో పట్టలేదు, తోక బయటికే ఉంది. ఈ టబ్బులో ఇది సాయంత్రం దాకా ఆగదని కళ్యాణికి తెలుసు. మిగతా ఇళ్ళ తొట్టెల్లో ఏదీ దీనికి చాలదనీ తెలుసు.

మైతి ముక్కుమీద నుంచి నీళ్ళు కారుతుండగానే చెప్పాడు. ఊరి బయట మా మామయ్యకి పెద్ద చెరువుంది, చౌరస్తా దాటి తిన్నగా పోతే అరగంట, అందులో వదిలేద్దాం, పదండి అన్నాడు.

కళ్యాణి ఆయన కళ్ళలోకి చూసింది. ఇందాక ఇదే మనిషి దీన్ని తినడానికి వచ్చాడు. ఇందాక ఇదే మనిషిని ఆమె నలుగురిలో నిలబెట్టి కడిగేసింది. వదిలితే చెరువులో మళ్ళీ కనపడుతుందో లేదో. వదలకపోతే కళ్ళముందే పోతుంది. లోకల్ దుప్పటి మడతలోంచి మూతి పైకెత్తి గాలి మింగింది. కళ్యాణి దాని వీపు వంకర మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది.

"తీసుకెళ్ళండి దాదా," అంది.

వీధిలో పోతున్న టోటోని ఆపారు, అందులో టబ్బు పెడితే ఇద్దరికే చోటు. మైతి, బౌదీ ఎక్కి టబ్బును చెరోవైపు పట్టుకున్నారు. టోటో కదిలింది. ఫణీంద్ర బండి తీశాడు. తడిసిన చేతులకి తాళం జారింది, కిక్ పడలేదు, మళ్ళీ కొట్టాడు. కళ్యాణి వెనక ఎక్కి అతని భుజం పిండేసింది. పోనీ బావా, పోనీ అని ఒకటే మాట.

మలంచా రోడ్డంతా బస్సులు, ఆటోలు. ముందు టోటో కనపడుతూ మాయమవుతూ పోతోంది. టబ్బు అంచున దుప్పటి పువ్వులు కనపడినప్పుడల్లా కళ్యాణికి ప్రాణం లేచొస్తోంది. చౌరస్తా వచ్చింది. తిన్నగా పోతే చెరువు.

టోటో తిన్నగా పోలేదు. గోల్‌బజార్ వైపు తిరిగింది.

"అటెందుకు పోతన్నాడు?" అన్నాడు ఫణీంద్ర.

కళ్యాణి మైతికి ఫోను కొట్టింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ కొట్టింది. బౌదీకి కొడదామంటే నంబరు లేదు. గోల్‌బజార్ మొదట్లోనే జనం గుంపుగా అడ్డొచ్చి ఫణీంద్ర బండి నిలిచిపోయింది. కళ్యాణి దూకింది. ఆదివారం సంతలో జనాన్ని మోచేతులతో తోసుకుంటూ, ఎవరు తిట్టినా వినకుండా, బట్టల కొట్లు దాటి, కూరల బుట్టలు దాటి పరిగెత్తింది. ఎటు పోవాలో ముక్కే చెప్పింది.

చేపల వరస మొదట్లో టోటో ఆగి ఉంది. మైతి లేడు. బౌదీ లేదు. డ్రైవరు కూడా లేడు.

కళ్యాణి టబ్బులోకి వంగి చూసింది. నీళ్ళున్నాయి. దుప్పటి ఉంది. దుప్పటి రెండు చేతులా ఎత్తి దులిపింది.

లోకల్ లేదు. వరస లోపల ఎక్కడో ఒక చేపలవాడు, చితల్, జ్యాంతో చితల్, బతికున్న చితల్ అని గొంతెత్తి అరుస్తున్నాడు.